ఎవరికీ చెప్పకు

మా బాబాయికి ఏడాదిగా డయాలసిస్ జరుగుతోందట. ఈ సంగతి నాకు పోయిన ఆదివారం తెలిసింది. అదైనా ఎవరో చెబితే కాదు. పిన్ని ఫోన్లో ములక్కాడల ధర గురించి మాట్లాడుతూ, "మొన్న డయాలసిస్ నుంచి వస్తూ తెచ్చారు, కట్ట నలభై" అని నోరు జారింది. కాసేపు అటు మాట లేదు, ఇటు మాట లేదు. తర్వాత తేరుకుని, "నీకు తెలుసనుకున్నాన్రా. సర్లే, ఇంకెవరికీ చెప్పకు" అంది.

ఇన్నాళ్ళూ ఎప్పుడు ఫోన్ చేసినా బాబాయి బ్యాంకు పని మీద వెళ్ళాడనే చెప్పారు. రిటైరైన మనిషికి వారానికి మూడుసార్లు బ్యాంకులో అంత పనేమిటో!

నేనుండేది హ్యూస్టన్. ఈ ఊళ్ళో స్కార్‌ఫేస్ అని ఒక పాతకాపు ర్యాపర్ ఉన్నాడు. అసలు పేరు బ్రాడ్ జోర్డన్, 1970లో ఇక్కడే పుట్టాడు. 2020లో కోవిడ్ వచ్చి ఆయన కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ మీద పడ్డాడు. ఆ అక్టోబరులో ట్విట్టర్‌లోకి వచ్చి ఊరందరి ముందూ అడిగేశాడు: నాకు కిడ్నీ కావాలి, ఎవరైనా ఇస్తారా, నాది బి పాజిటివ్ అని. మన ఇళ్ళలో అయితే ముందు మామగారికి తెలియకూడదు, తర్వాత వియ్యంకుడికి తెలియకూడదు, ఆ తర్వాత పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంది కాబట్టి ఎదురింటివాళ్ళకీ తెలియకూడదు. ఆయన అడిగిన మరుసటి ఏడాది సొంత కొడుకే కిడ్నీ ఇచ్చాడు. 2023 డిసెంబరులో ఎన్‌పీఆర్ వాళ్ళ టైనీ డెస్క్ కచేరీలో చూశాను. హాయిగా ఉన్నాడు.

పియర్‌ల్యాండ్‌లోని మీనాక్షి గుడికి 288 రోడ్డు మీద వెళ్ళే మనవాళ్ళంతా ఆయన పెరిగిన సౌత్ ఏకర్స్‌ని పక్కనే వదిలేసి వెళ్తారు. ఆయన పేరెత్తితే చాలు, "ఆ బూతు పాటలవాడా?" అంటారు. బూతులున్నాయి. రక్తపాతమూ ఉంది, ఆడవాళ్ళ గురించి వినలేని మాటలూ ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకు రాను. ఆయన ఉన్న గెటో బాయ్స్ బృందం ఆల్బమ్‌ని పంపిణీ చేయబోమని 1990లో గెఫెన్ కంపెనీయే తప్పుకుంది. కానీ ఆ మరుసటి ఏడాదే 'మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మి' వచ్చింది. నా అంతవాడు లేడని తొడగొట్టడమే ర్యాప్ అనుకునే రోజుల్లో, నిద్రపట్టడం లేదని, ఎవరో వెంటపడుతున్నట్టుందని, నా బుర్ర మీద నాకే నమ్మకం పోతోందని చెప్పిన పాట అది. పాట పేరులోని మాట తన గ్రాండ్‌మా నోట విన్నదేనని ఆయనే చెప్పాడు. కుర్రతనంలోనే డిప్రెషన్‌తో ఆసుపత్రి మానసిక వార్డులో గడిపిన సంగతి, చచ్చిపోదామనుకున్న సంగతి 2015లో తెచ్చిన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు.

మనకి డిప్రెషన్ రాదు. నీరసం వస్తుంది. గాలి మారితే పోతుంది, పోకపోతే దిష్టి తీస్తారు, అదీ పనిచేయకపోతే పెళ్ళి చేస్తారు. ఇక్కడ మాకు తెలిసిన ఒకాయన ఉద్యోగం పోయినా రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాడు. ఇంట్లో భార్యకి తెలుసు, ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. పిల్లలకి మాత్రం చెప్పలేదట. పిల్లలు అదే లైబ్రరీలో చదువుకునేవాళ్ళు!

అక్కడికి, చెప్పుకోవడమే గొప్ప, దాచుకోవడం తప్పు అని తీర్పిచ్చేద్దామనుకుంటాను. అప్పుడు గెటో బాయ్స్ 1991 ఆల్బమ్ అట్ట కళ్ళ ముందుకొస్తుంది. వాళ్ళలో బుష్విక్ బిల్ అనే పొట్టి మనిషి, ఒక గొడవలో తుపాకీ పేలి కన్ను పోగొట్టుకున్నాడు. అట్ట మీద ఫొటో అతణ్ణి చేర్చిన ఆసుపత్రి నడవాలోదే. చక్రాల మంచం మీద అతను, గాయం బయటికే కనిపిస్తూ, చెవి దగ్గర ఇటుకంత సెల్‌ఫోన్. చెరోపక్కా స్కార్‌ఫేస్, విల్లీ డి. ఆల్బమ్ బాగా అమ్ముడుపోయింది. ఆ ఫొటో చూస్తే ఇప్పటికీ బాధేస్తుందని బిల్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. 2019లో పోయాడు.

కన్ను అతనిది, నొప్పి అతనిది. అట్ట కంపెనీది.

ఈ రికార్డు కంపెనీల లెక్క పుట్టు అమెరికన్లకి విడమర్చి చెప్పాలి గానీ గుంటూరు వాడికి అక్కర్లేదు. ముందు అడ్వాన్స్ ఇస్తారు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు కళాకారుడి వాటాలోంచే రాబట్టుకుంటారు. అదంతా తీరేదాకా రాయల్టీ చేతికి రాదు. అచ్చంగా మన మిర్చి కమీషన్ కొట్టు. పెట్టుబడికి అప్పు షావుకారిదే, టిక్కీలు దించేది ఆయన కొట్టుకే, కాటా ఆయనదే, పట్టీ రాసేదీ ఆయన గుమాస్తానే. కమీషన్, హమాలీ, వడ్డీ అన్నీ పోగా రైతు జేబులో మిగిలేది ఆ పట్టీ కాగితమే.

పోలిక ఇక్కడిదాకా బాగానే నడుస్తుంది. కానీ రైతుకి వచ్చే ఏడు దున్నుకోవడానికి పొలం ఉంటుంది. వీళ్ళకి పొలం కూడా కంపెనీదే. మాస్టర్స్ అంటారు, అసలు రికార్డింగ్ మీద హక్కు. సంతకం పెట్టిన రోజే అది పోతుంది.

మా నాన్న మిర్చి యార్డు నుంచి వచ్చిన రాత్రుళ్ళు చొక్కా విప్పి మేకుకి తగిలించేవాడు. జేబులో పట్టీ నాలుగు మడతలు పెట్టి ఉండేది. చొక్కా నుంచి వచ్చే ఘాటుకి మాకు తుమ్ములు ఆగేవి కావు. ఏం మిగిలిందని అమ్మ అడిగేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు. అప్పు ఎంతుందో మాకు ఆయన పోయాకే తెలిసింది. అందుకు చాలా ఏళ్ళు కోపంగా ఉండేది. ఇప్పుడు కోపం కొంచెం తక్కువ. ఆ నోరు విప్పని మనిషి ధైర్యంతోనే నేను ఇంజనీరింగ్ ఫీజు కట్టించుకున్నాను, పరీక్షలకి ముందు బెంగ లేకుండా నిద్రపోయాను. చెప్పి ఉంటే చదివేవాణ్ణి కానేమో! కాబట్టి అమెరికావాళ్ళు టీవీలో కూర్చుని మీవాళ్ళు ఫీలింగ్స్ చెప్పుకోరట కదా అని జాలిపడితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మా మీద నోరు చేసుకోవాలంటే మేం చేసుకుంటాం. మీకెందుకు?

స్కార్‌ఫేస్ దగ్గరికొస్తే, ఆయన కంపెనీ రాప్-ఎ-లాట్. జె. ప్రిన్స్ అనే హ్యూస్టన్ మనిషి పెట్టిందే. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ తప్ప ఊరే లేదనుకునే కాలంలో ఈ ఊరి పేరు నిలబెట్టింది, ఆ గొప్ప కాదనలేం. అయినా 2003లో స్కార్‌ఫేస్ పేరుతో ఒక ఆల్బమ్ బజారులోకి వచ్చింది. ఆయన ప్రమేయం లేదు. ఎప్పుడో పాడి పక్కన పెట్టినవి పోగేసి వేశారు. అంతకు ముందే డెఫ్ జామ్ సౌత్ అనే ఇంకో రికార్డు కంపెనీకి అధ్యక్షుడిగా కుర్చీకి అవతలివైపూ కూర్చుని, లుడాక్రిస్ అనే ర్యాపర్‌ని వెలుగులోకి తెచ్చినవాడు ఆయన. అక్కడే 2002లో తెచ్చిన 'ది ఫిక్స్' ఇప్పటికీ నాకు ఇష్టం. అంత చూసినవాడికే అలా జరిగింది. డె ల సోల్ అనే ర్యాప్ బృందం కథ ఇంకా ఘోరం. 1989 నాటి పాటలు, హక్కుల గొడవలతో 2023 మార్చి 3 దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేదు. ముగ్గురిలో ఒకడైన డేవ్ అంతకు మూడు వారాల ముందే పోయాడు.

మనసులో ఉన్నదంతా విప్పి చెబుతారు, విప్పింది కంపెనీవాడు మూట కట్టుకుపోతాడు. 1976 నాటి అమెరికా కాపీరైట్ చట్టంలో, రాసిచ్చిన హక్కుని 35 ఏళ్ళకి వెనక్కి తీసుకునే వీలుంది. మీరు మా జీతగాళ్ళు, మీకు ఆ హక్కు లేదని కంపెనీలు వాదిస్తాయి. 2024లో మయామీలో జ్యూరీ ఈ వాదన కాదని టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం పక్షాన నిలిచింది. గెటో బాయ్స్ 1991 పాటకి 35 ఏళ్ళు నిండేది 2026లో.

మన దగ్గరా 2012లో చట్టం మారింది. రాసినవాడు, బాణీ కట్టినవాడు ఎంత సంతకం పెట్టినా రాయల్టీ వాటా వదులుకోలేరు. మనవాళ్ళకి ఈ సంగతులేవీ పట్టలేదు, 2017 మార్చి దాకా. యాభై ఏళ్ళ పాటల పండుగ చేసుకుంటూ బాలుగారు అమెరికాలో తిరుగుతున్నారు. తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజాగారి తరఫున లాయరు నోటీసు వచ్చింది. బాలుగారు దాచలేదు. ఫేస్‌బుక్‌లో రాసి, ఇక వేరేవాళ్ళ పాటలు పాడతానని, దీన్ని రచ్చ చేయొద్దని అభిమానులకి చెప్పారు.

సరిగ్గా ఉగాది ముందు. మా ఊరి సంఘం కమిటీలో దాని మీద పెద్ద వాదన. హక్కు ఎవరిదన్నది ఒక్కరూ మాట్లాడలేదు. "అంతటి స్నేహితులు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి గానీ ఫేస్‌బుక్‌లో పెడతారా?" అన్నదే గొడవ. మన ఉగాది పాటలకి కూడా లైసెన్స్ కట్టాలేమో అని ఒక అమ్మాయి అడిగింది. హాలు అద్దె ఎంతో తెలుసా అన్నాడు కోశాధికారి. పులిహోర ఎవరు తెస్తారన్న దగ్గర సమావేశం ముగిసింది. ఉగాది నాడు కరోకేలో మొదటి పాటే ఇళయరాజాది.