సంతకం పడేదాకా

కెమిస్ట్రీ ల్యాబు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది కిప్ పరికరం దగ్గర కుళ్లిన గుడ్ల వాసన. డిగ్రీ రెండో ఏడు. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావు గారిని ముఖ్యమంత్రి పదవి నుంచి దించేశాక బంద్‌ల మీద బంద్‌లు. బస్సులు లేవు, ల్యాబు తెరిచే దిక్కు లేదు. మళ్లీ తెరిచేసరికి ప్రాక్టికల్స్‌కి కొత్త మేడమ్ వచ్చారు. ఆవిడ ముఖం ఇప్పుడు సరిగా గుర్తు రావడం లేదు. యాసిడ్ పడి చిల్లులు పడ్డ తెల్లకోటు మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

అంతకుముందు మార్కులన్నీ చివరి అంకెకే. మన లెక్క అసలు విలువకు ఎంత దగ్గరైతే అన్ని మార్కులు. దాంతో అందరి చూపూ బ్యూరెట్ మీద కాక, ద్రావణాలు కలిపే అటెండరు మీదే. ఆయన నోటి నుంచి ఓ అంకె జారిందంటే మధ్యాహ్నానికి బ్యాచ్ అంతటికీ అవే రీడింగులు.

మేడమ్ ఆ అంకెను పక్కన పెట్టేశారు. రీడింగులు 0.1 మిల్లీలీటరు లోపల కలవాలి. కలవకపోతే ఎందుకు కలవలేదో రాయాలి. అప్పుడే రికార్డులో సంతకం. లేదంటే వచ్చే వారం మళ్లీ చెయ్యాలి, అందుకు మార్కుల్లో కోత ఉండదు.

ఆక్జాలిక్ ఆమ్లం, పర్మాంగనేట్ ప్రయోగం రోజున పక్క టేబుల్ అమ్మాయికి మొదటి చుక్కకే గులాబీ రంగు వచ్చి అలాగే ఉండిపోయింది. పిల్ల బిక్కమొహం వేసింది. మేడమ్ ఫ్లాస్కు అడుగున చెయ్యి పెట్టి చూశారు. "చల్లారిపోయిందమ్మా. 60 డిగ్రీలైనా ఉండాలి. చర్య కాస్త సాగితే, అందులో పుట్టే మాంగనీసే తర్వాత దాన్ని పరుగెత్తిస్తుంది. ఇది కొట్టెయ్యకు, ఇదే రాయి." వేడి చేసి మళ్లీ చేశాక, ఆ రెండూ ఉన్న పేజీకే సంతకం పెట్టారు. నాకు చెప్పిన మాట వేరు: "పర్మాంగనేట్‌కి కింది వంపు కనపడదు నాయనా, పై అంచు చూడు."

ఏడాది చివర ఎక్స్‌టర్నల్ వచ్చి పాత పద్ధతిలోనే మార్కులేసి వెళ్లారు. దానికి మేడమ్ ఏమన్నారో ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

తర్వాత నేనూ ల్యాబుల్లోనే పాఠాలు చెప్పాను. చాలా ఏళ్లకు అమెరికాలో లిండా నిల్సన్ రాసిన 'స్పెసిఫికేషన్స్ గ్రేడింగ్' చేతికొచ్చింది. ఏం చేస్తే సరిపోతుందో ముందే స్పష్టంగా చెప్పడం, సరిపోకపోతే దిద్దుకుని మళ్లీ తెచ్చే వీలివ్వడం. మా మేడమ్ పేరు పెట్టకుండా చేసిన పని ఇదే కదా అనిపించింది. ఇంటర్నల్స్‌లో అమలు చేశాను. సులువేం కాదు. మళ్లీ చేయించాలంటే రసాయనాలు కావాలి, ఖాళీ టేబుల్ కావాలి, సాయంత్రం దాకా నిలబడే మనిషి కావాలి. కానీ రికార్డుల్లో నిజమైన కొట్టివేతలు కనిపించసాగాయి. అవి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఓ కుర్రాడు 23.4 కొట్టేసి పక్కన 'బ్యూరెట్ కొసలో గాలి బుడగ' అని రాశాడు. మా సహోద్యోగి ఒకాయన అది చూసి, "తప్పు రీడింగు పేజీకి సంతకమేంటండీ?" అన్నారు. "బుడగ పోయాక చేసినవి దాని కిందే ఉన్నాయి, చూడండి" అన్నాను.