మచిలీ కమాన్ నుంచి మాయా తిల దాకా

"పాతబస్తీ కుర్రాడికీ సముద్రానికీ సంబంధం ఏమిటోయ్?" అని నవ్వారు మా ఎడిటింగ్ రూములో. నిజమే మరి! చార్మినార్ పైకెక్కి నాలుగు దిక్కులా చూసినా సముద్రం జాడ వుండదు. మాకు తెలిసిన నీళ్ళంటే గుల్జార్ హౌజ్‌లో నీళ్ళు, మూసీలో నీళ్ళు... మూసీ సంగతి వదిలేద్దాం లెండి! ఇక చేప అంటారా, చార్‌కమాన్‌లో వొక కమాన్ పేరే మచిలీ కమాన్. రోజూ దాని కిందనుంచే స్కూలుకి వెళ్ళేవాణ్ణి. అంతకుమించి చేపలతో నాకు పరిచయం లేదు.

కాని సంబంధం వుంది. మా నాయిన ముత్యాలకు బెజ్జాలు వేస్తాడు.

శాలిబండలో మా ఇల్లు. పత్తర్‌గట్టి వెనక సందులో వొక మేడ మీద నాయిన కూర్చునే గది. కిటికీ పక్కనే చెక్క దిమ్మ. దాని మీద చిన్న చిన్న గుంటలు. గుంటలో ముత్యాన్ని నొక్కిపెట్టి, వింటితో బరమా తిప్పుతూ సన్నని సూదితో బెజ్జం వేయాలి. ఇప్పుడు చిన్న మోటారు మిషన్లు వచ్చాయనుకోండి, అయినా మంచి ముత్యం వస్తే నాయిన పాత వింటినే తీస్తాడు. బెజ్జం పడ్డాక ముత్యాల్ని మందు నీళ్ళ సీసాల్లో పోసి, అద్దాలు బిగించిన పెట్టెల్లో రోజుల తరబడి ఎండకి పెడతారు. తెల్లగా తేలతాయి. తరవాత జల్లెళ్ళతో సైజులు విడదీయడం, దారానికి గుచ్చడం. మీ అక్కయ్య పెళ్ళిలో మెడలో మెరిసిన దండ ఇన్ని చేతులు దాటి వచ్చిందన్నమాట!

అలాంటి నాయిన జన్మలో సముద్రం చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు... మొన్న మొన్నటి దాకా.

దీనికంతటికీ కారణం బార్కస్‌లో వుండే మా దోస్తు. బార్కస్ తెలుసుగా? నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ. 'బ్యారక్స్' అన్న మాటే బార్కస్ అయింది. మా దోస్తు గల్ఫ్‌కి వెళ్ళి, అక్కడ స్కూబా నేర్చుకుని, చివరికి మాల్దీవుల్లో వొక బోటు మీద డైవింగ్ మాస్టరుగా కుదిరాడు. వారం రోజులు ఆ బోటు మీదే తిండి, నిద్ర, డైవింగ్! కొత్తవాళ్ళని కూడా ఎక్కించుకునే బోటు. వొక సీటు ఖాళీ వుందని, తన మనిషిగా తక్కువలో ఇప్పిస్తాననీ ఫోన్ చేశాడు. "ఆజారే మియా, సోచో నక్కో!" అన్నాడు. అంటే ఆలోచించకుండా వచ్చేయమని!

రెండేళ్ళుగా దాచిన డబ్బు వుంది. కొత్త మోటారు సైకిల్ కొందామనుకున్నది. ఈతంటారా, అమ్మమ్మ వూరి బావిలో వీపుకి బెండు కట్టుకుని చిన్నప్పుడే నేర్చుకున్నాను. పాఠాలూ, స్విమ్మింగ్ పూల్ అభ్యాసాలూ హైదరాబాద్‌లోనే పూర్తి చేశాను. అప్పుడు చెప్పాను ఇంట్లో.

నాయిన బరమా ఆపాడు. "పైసలిచ్చి సముద్రంల మునుగుతర్రా ఎవరన్న?" అన్నాడు.

"గాలి సిలిండర్ వుంటది నాయినా. ఏంగాదు."

"ముత్యం బయటికి తేనీకి మునిగిన్రంటె కడుపు కోసం అనుకోవచ్చు. నువ్వెందుకు?"

జవాబు నాకూ తెలీదు. అమ్మ మాత్రం లాల్ దర్వాజా అమ్మవారి కుంకుమ పొట్లం జేబులో పెట్టింది. "నీళ్ళల్ల తడ్వకుంట చూసుకో" అంది!

విమానం మారి మాలే చేరాను. అక్కడినుంచి బోటు. మూడంతస్తుల తెల్లని బోటు, పదహారు మంది ప్రయాణీకులు. దాని వెనకే తోకలా వొక చిన్న పడవ, దాన్ని 'ధోని' అంటారు. గాలి సిలిండర్లు, వాటిని నింపే కంప్రెసర్ అన్నీ ఆ ధోని మీదే. ("మన క్రికెట్ ధోనీయేనా?" అని నేను వేసిన జోకుకి నవ్వింది మా దోస్తు వొక్కడే!)

పొద్దున్న ఆరింటికల్లా గంట కొడతారు. బోర్డు మీద బొమ్మ గీసి, ఎక్కడ దిగాలో, ఎక్కడ తేలాలో చెబుతారు. మొదటి రోజు "ఇవాళ కరెంట్ ఎక్కువగా వుంది" అన్నాడు మా దోస్తు. మా శాలిబండలో కరెంట్ ఎక్కువుంటే సంతోషించాలి గదా అనుకున్నాను. తీరా చూస్తే అది నీటి ప్రవాహం! వొక డైవు, తిండి. ఇంకో డైవు, తిండి, కునుకు. మళ్ళీ డైవు. ఉదయం ఫలహారం 'మస్ హుని', అంటే ట్యూనా చేప, కొబ్బరి కోరు, ఉల్లిపాయ కలిపినది. పక్కన 'రోషి' అనే రొట్టె. మన రొట్టెకి స్వయానా చెల్లెలే!

ఇక నీళ్ళలోకి వద్దాం. మిత్రులారా, 'సాహస వీరుడు సాగర కన్య'లో వెంకటేష్‌కి శిల్పాశెట్టి కనబడింది గదా, నాకూ ఎవరో వొకరు కనబడకపోతారా అని దిగాను. కనబడింది... నా ముక్కు ముందు వొక చిలక చేప, పగడపు దిబ్బని కరకరా నములుతూ!

రంగులు మాత్రం మోసం చేశాయి. లోతుకి వెళ్ళేకొద్దీ నీరు ముందుగా ఎరుపు రంగుని మింగేస్తుంది. పదిహేను మీటర్ల దగ్గర నా వేలికి గీసుకుంటే వచ్చిన రక్తం ఆకుపచ్చగా కనబడింది. గుండె జారిపోయింది! దోస్తు టార్చి వేశాడు. అంతే, బ్లాక్ అండ్ వైట్ సినిమా మధ్యలో ఈస్ట్‌మన్ కలర్ రీలు పడ్డట్టు ఎరుపు, నారింజ రంగులు భగ్గుమన్నాయి.

మూడో డైవులో జరిగింది అసలు సంగతి. పద్నాలుగు మీటర్ల లోతు. మాస్కులోకి నీళ్ళు జొరబడ్డాయి. పూల్లో పదిసార్లు చేసిన అభ్యాసమే, ముక్కుతో గట్టిగా వూదితే నీళ్ళు బయటికి పోతాయి. కాని భయం వేస్తే పాఠం గుర్తుండదు. వూపిరి బిగబట్టి పైకి తన్నాను. దోస్తు నా పట్టీ పట్టుకుని కిందికి లాగాడు. నోటి దగ్గర చెయ్యి ఆడించి బుడగలు చూపించాడు. గాలి వదులు, వదులు!

ఆ లాగడమే నన్ను బతికించింది. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలు అవుతుంది. వూపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు బెలూన్‌లా పగులుతాయి. అందుకే స్కూబాలో మొదటి సూత్రం వొకటే: ఎప్పుడూ వూపిరి బిగబట్టకు. నిదానంగా తేలాలి. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, రక్తంలో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవడానికి. ఆఖరి డైవు తరవాత దాదాపు వొక రోజు దాకా విమానం ఎక్కకూడదు కూడా.

ఆ సాయంత్రం డెక్ మీద కూర్చున్నాం. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. దోస్తు చాయ్ కప్పు అందించి, "మీ నాయిన చేతికొచ్చే ముత్యం ఎట్లొచ్చిందో ఎరుకేనా నీకు?" అన్నాడు.

ఇప్పుడు వచ్చేవి చాలావరకు చైనా చెరువుల్లో పెంచినవి. కాని మా తాతల కాలంలో పత్తర్‌గట్టికి వచ్చినవి బస్రా ముత్యాలు. పేరు బస్రాదే అయినా, అవి బహ్రెయిన్, ఖతార్, కువైట్ సముద్రాల్లోంచి తీసినవి. అక్కడినుంచి బొంబాయికి, బొంబాయి నుంచి హైదరాబాద్‌కి. నిజాం నగల్లోని ఏడుపేటల హారం 'సత్‌లడా' ఆ బస్రా ముత్యాలదే. ఆ నగలు 173టిని భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది.

వాటిని తీసినవాళ్ళూ బోటు మీదే బతికారు. వారం కాదు, ఎండాకాలమంతా, దాదాపు నాలుగు నెలలు! ముక్కుకి తాబేటి చిప్పతో చేసిన క్లిప్పు, కాలికి రాయి, మెడలో బుట్ట. వొకే వూపిరితో దిగి, నిమిషం నిమిషంన్నర లోపల చేతికందిన చిప్పలు ఏరుకుని తాడు కదిపితే, పైనున్నవాడు లాగేవాడు. అలా రోజుకి పదులసార్లు. పగలు తిండి ఖర్జూరాలు, కాఫీ. చెవులు పోయినవాళ్ళు, కళ్ళు పోయినవాళ్ళు ఎందరో. సీజను ముందే అడ్వాన్సు తీసుకుని అప్పులో మునిగేవాళ్ళు. తండ్రి అప్పు కొడుకు మెడకి చుట్టుకునేది. జపాన్‌లో మికిమోతో 1893లో ముత్యాన్ని పెంచే పద్ధతి సాధించాడు. 1930లలో ఆ పెంపుడు ముత్యాలూ, ప్రపంచమంతటి ఆర్థిక మాంద్యమూ కలిసి గల్ఫ్ ముత్యాల వ్యాపారాన్ని కూల్చేశాయి. తరవాత అక్కడ చమురు పొంగింది. ఆ చమురు కోసం మన పాతబస్తీ కుర్రాళ్ళు విమానాలెక్కారు. వాళ్ళ ముత్యాలు ఇక్కడికొచ్చాయి, మన మనుషులు అక్కడికి వెళ్ళారు!

సినిమా పిచ్చోళ్ళం గదా, మీకో సినిమా సంగతి చెప్పాలి. 1972లో కువైట్‌లో ఖాలిద్ అల్ సిద్దీక్ తీసిన 'బస్ యా బహర్'. ఇక చాలు సముద్రమా, అని అర్థం. ప్రేమించిన పిల్లని పెళ్ళాడడానికి ముత్యాల వేటకి వెళ్ళి చచ్చిపోతాడు వొక కుర్రాడు. చివర్లో తల్లి ఆ ముత్యాన్ని సముద్రంలోకి విసిరేస్తుంది. ఆ రాత్రి దోస్తు ల్యాప్‌టాప్‌లో చూశాం. మా ఇంట్లో అన్నం పెట్టిన ముత్యాలు గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు.

ఇంటికి పోదామనిపించింది. కాని పొద్దున్న గంట కొట్టగానే మళ్ళీ దిగాను. ఈసారి మాస్కులో కావాలనే నీళ్ళు నింపుకుని, ముక్కుతో వూది, ఖాళీ చేశాను. అప్పుడు చూశాను సముద్రాన్ని.

అయిదో రాత్రి మాయా తిల. 'తిల' అంటే నీళ్ళలో మునిగి వున్న కొండ అని అర్థమట. ప్రవాహం తక్కువగా వుందని చూసుకుని, నా చెయ్యి వదలకుండా దింపాడు దోస్తు. చుట్టూ చీకటి. టార్చి వెలుగులో తెల్ల మొన రెక్కల సొరచేపలు వేటాడుతూ పక్కనుంచే పోతున్నాయి. మనల్ని పట్టించుకోవు! మన 'మాయాబజార్' ట్రిక్ షాట్లన్నీ వొక్కచోట చేరినట్టుంది. మాల్దీవుల్లో 2010లో సొరచేపల వేటని నిషేధించారు. అందుకే ఇంకా వున్నాయి.

అన్నీ అందంగానే వున్నాయని చెబితే అబద్ధం. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబడి కుప్పలుగా చచ్చిపోయాయి. కొన్నిచోట్ల ఎముకల గుట్టల్లా కనిపించాయి. మా నాయిన ముత్యాన్ని ఎండలో పెట్టి తెల్లగా చేస్తాడు, అది దానికి అందం. పగడం తెల్లబడితే అది దానికి చావు. మన నగల్లోని ఎర్ర పగడం వేరే సముద్రానిదే అనుకోండి, అయినా చుట్టమే గదా!

తిరిగొచ్చాను. నాయిన మొదటి ప్రశ్న: "ముత్యం తెచ్చినవా?"

"అక్కడ చిప్ప ముక్క గూడ తేవద్దు నాయినా." గవ్వల కథ చెప్పాను. వొకప్పుడు మాల్దీవుల గవ్వలే మన దేశంలో డబ్బులుగా చెల్లేవని.

నాయిన నవ్వాడు. "గవ్వకు చిల్లు పడితె చిల్లిగవ్వ, దేనికీ పనికి రాదు. ముత్యానికి బెజ్జం పడితెనే మెడలకెక్కుతది. అందుకే గద మనం బతుకుతున్నం!"

ఫోనులో తీసుకొచ్చిన దృశ్యాలు చూపించాను. చిలక చేప, సొరచేపలు, నా బుడగలు. చివర్లో ఆ మునిగేవాళ్ళ సంగతి... వొక్క వూపిరి, కాలికి రాయి, మెడకి అప్పు. నాయిన ఏమీ అనలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి పనికి కూర్చున్నాడు. వొక మంచి ముత్యం వచ్చింది కాబోలు, పాత వింటిని తీశాడు.

అప్పుడు గమనించాను. సూది అవతలికి దిగే క్షణంలో నాయిన వూపిరి బిగబట్టాడు. చెయ్యి కదిలితే ముత్యం పగులుతుంది మరి. బెజ్జం పడ్డాక మెల్లగా వదిలాడు. చిన్నప్పటినుంచీ ఆ గదిలో ఆడుకున్నవాణ్ణి, ఇన్నేళ్ళూ అది చూడనే లేదు!

"నాయినా, సముద్రం చూస్తవా?" అన్నాను.

"నేనా? మునగను బిడ్డా!"

"మునగొద్దు. ఒడ్డున నిలబడితె చాలు."

చాలాసేపటికి, "దగ్గర్ల ఏదుంటది?" అన్నాడు, ముత్యం మీదనుంచి చూపు తిప్పకుండానే.

వచ్చే నెలకి మచిలీపట్నం రైలుకి మూడు టిక్కెట్లు తీశాను. నాయినకి, అమ్మకి, నాకు. గోల్కొండ సుల్తానుల కాలంలో మన రేవు అదే గదా! మంగినపూడి తీరంలో నాయిన పాదాలు తడిశాక ఏమంటాడో చూడాలి. మచిలీ కమాన్ కింద నలభై ఏళ్ళు నడిచినవాడు మచిలీపట్నం చూడకపోతే ఎలా?

మోటారు సైకిల్ సంగతంటారా? మరో రెండేళ్ళు ఆగుతుంది లెండి!