కాస్త ఆరనివ్వండి

పప్పులో ఉప్పు తగ్గినా, వంకాయ కూర మాడినా సర్దుకుపోయే మగపెళ్ళివారు, విడిదింటికి వచ్చిన కాఫీ చల్లారి ఉంటే మాత్రం సర్దుకోరు. "కాఫీ కూడా వేడిగా ఇయ్యలేకపోయారు" అన్న మాట పెళ్ళికూతురు అమ్మమ్మ అయ్యేదాకా ఆ రెండు కుటుంబాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. అందుకే పాతకాలం పెళ్ళిళ్ళలో విడిదికి కాఫీ చేరవేసే పనిని కాళ్ళల్లో చురుకున్న కుర్రాడికే అప్పగించేవారు. వంటవాడి చేతివాటం ఎంత ముఖ్యమో ఆ కుర్రాడి పరుగూ అంతే ముఖ్యం.

అయితే ఆ విడిదిలోనే ఇంకాసేపు కూర్చుని చూడాలి. పొగలు కక్కే కాఫీ కావాలని రెండుసార్లు కబురంపిన పెళ్ళికొడుకు మేనమామగారు, గ్లాసు చేతికి రాగానే తాగరు. బల్ల మీద పెట్టి పేపరు విప్పుతారు. రాజకీయం ఒక పేజీ అయ్యాక గ్లాసు అంచు ముట్టుకుని చూస్తారు. మళ్ళీ పేపరు. ఆయన అడిగి తెప్పించుకున్నది 80 డిగ్రీల కాఫీ. తాగేది 60 దగ్గర. మధ్యలోని ఆ 20 డిగ్రీల కోసమేనా ఇంత హడావిడి అనిపిస్తుంది. అవునని నా అనుమానం. మనకు వేడి కావాల్సింది తాగడానికి కాదు, చల్లార్చుకునే పని మన చేతిలో ఉండడానికి. ఇంకొకరు చల్లార్చి ఇచ్చిన కాఫీలో మనకు మిగిలేది తాగడం ఒక్కటే.

ఈ అంకెలు నేను ఊహించి చెప్పినవి కావు. 2002లో అమెరికాలో 300 మందికి బాగా వేడి కాఫీ ఒకదానిలో, చల్లారిన కాఫీ ఇంకోదానిలో ఇచ్చి, రెండూ కలుపుకుంటూ ఎవరికి నచ్చిన వేడికి వాళ్ళను తెచ్చుకోమన్నారు. సగటు 60 డిగ్రీల దగ్గర తేలింది. (గ్లాసూ దబరా పట్టుకున్న మన తాతలు రోజూ పొద్దున్నే చేసిన ప్రయోగమే అది.) తర్వాత 2008లో టెక్సస్ పరిశోధకులిద్దరు రుచినీ, ఒంటి మీద ఒలికితే కాలే ప్రమాదాన్నీ తూకం వేసి 57.8 డిగ్రీలు సరైన వేడి అని లెక్క తేల్చారు. హోటళ్ళలో వడ్డించేది మాత్రం 70 నుంచి 85 దాకా ఉంటుందని వాళ్ళే రాశారు. అంటే ఇచ్చేవాడికీ తాగేవాడికీ మధ్య ఎప్పుడూ ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఒక్కో ఊరు ఒక్కో తీరుగా నింపుకుంది.

మన ఇళ్ళలో దాన్ని నింపింది ఎత్తు. గ్లాసులోంచి దబరాలోకి, దబరాలోంచి గ్లాసులోకి మూరెడు ఎత్తున తిరగబోస్తే కాఫీ సన్నని ధారగా సాగి గాలి తగులుతుంది, ఆవిరి లేస్తుంది. చల్లబరచడంలో సగానికి పైగా పని ఆ ఆవిరిదే. వంద గ్రాముల కాఫీలో ఒక్క గ్రాము ఆవిరై పోతే చాలు, మిగిలిన కాఫీ మొత్తం 5 డిగ్రీలకు పైనే దిగుతుంది. అందుకే ఊదుకుంటూ తాగడం కూడా పనిచేస్తుంది, కాకపోతే చూడ్డానికి అంత బాగోదు. తిరగబోతలో తమాషా ఏమిటంటే, చల్లార్చడానికి పోస్తున్న ఆ ధారే పైన నురగ కట్టిస్తుంది, ఆ నురగ మూతలా కమ్ముకుని ఆవిరిని ఆపేస్తుంది. కావాల్సినంత చల్లార్చి, ఆ పైన చల్లారకుండా ఆపే ఏర్పాటు ఒకే కదలికలో ఉంది. మీగడ చేసే పనీ అదే. కాఫీ మీద తొరక కనిపిస్తే మొహం చిట్లించేవాళ్ళు ఆ తొరక కిందే వేడి దాక్కుని ఉందని గమనించరు.

గ్లాసు అంచు బయటికి వంగి ఉండడానికి కారణం వేరు. పెదవి తగిలితే ఎంగిలి. కాబట్టి తల వెనక్కి వంచి, పైనుంచి గొంతులోకి పోసుకోవాలి. అలా తాగేవాడికి కాఫీ మరీ వేడిగా ఉండడానికి వీల్లేదు. పెదవితో తాగేవాడు కాస్త తాకించి చూసి వెనక్కి తగ్గచ్చు, పోసుకునేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఆచారం ముందు పుట్టి దబరా తర్వాత వచ్చిందో, ఇది చూసి అది కుదిరిందో గానీ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. స్టీలు రాకముందు ఇళ్ళలో కళాయి పోసిన ఇత్తడి గ్లాసులు ఉండేవి. ఇత్తడి వేడిని స్టీలు కంటే ఏడు రెట్లు త్వరగా లాగుతుంది. పంచె కొంగు చుట్టి పట్టుకుంటే తప్ప ఆ గ్లాసు చేతిలో నిలిచేది కాదు.

ఎంగిలి గురించి మాట్లాడి, రెండు గ్లాసుల సంగతి వదిలేయడం న్యాయం కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చాలా పల్లెల్లో టీ కొట్టు ముందు దళితులకు వేరే గ్లాసు పెట్టేవారు. తాగి, తామే కడిగి, చూరులో పెట్టి వెళ్ళాలి. టీ అదే కుండలోది, వేడీ అదే. ఎదురు తిరిగిన చోట దెబ్బలు పడ్డాయి, ఉద్యమాలు నడిచాయి. వాడి పారేసే కప్పులు వచ్చాక కొన్ని చోట్ల ఆ వేరే గ్లాసు కంటికి కనబడకుండా పోయింది. కప్పు మారినంత తేలిగ్గా మనుషులు మారారా అన్నది ఆ ఊళ్ళవాళ్ళు చెప్పాల్సిన మాట.

ఇచ్చే వేడికీ తాగే వేడికీ మధ్య ఆ ఖాళీని హైదరాబాద్‌లో నింపింది సాసరు. ఇరానీ హోటల్లో డికాషన్ పొద్దుటి నుంచీ మూతపెట్టిన పెద్ద పాత్రలో సన్నని సెగ మీద ఉడుకుతూనే ఉంటుంది. పక్క పొయ్యి మీద పాలు చిక్కబడుతుంటాయి. పొయ్యి ఆరదు గనక చాయ్ ఎప్పుడు అడిగినా మరిగిన చాయే. మందపాటి పింగాణీ కప్పు అంచుదాకా పోసి, కాస్త సాసర్లోకి ఒలికేలా బల్ల మీద పెడతారు. ఒలికిందాన్ని తప్పుగా ఎవరూ అనుకోరు, మొదటి గుక్క అక్కడి నుంచే. సాసరు వెడల్పు, లోతు తక్కువ. నిమిషంలో తాగే వేడికి వస్తుంది. కప్పులో ఉన్నది కబుర్లకు, సాసర్లో పోసుకున్నది గొంతుకు. ఇద్దరు కూర్చుని ఒక్క చాయ్ చెప్పుకుంటే ఒకరికి కప్పు, ఇంకొకరికి సాసరు. సాసరు వచ్చినవాడే ముందు తాగుతాడు. ఇప్పుడు సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవాళ్ళను చూసి నవ్వే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళు మాత్రం అదే చాయ్‌ని పేపరు కప్పులో పట్టుకుని, రెండు వేళ్ళు మార్చి మార్చి, కాలుతోందంటూ నిలబడతారు.

ఆ జుర్రుడు చప్పుడుకు నేను ఎప్పుడూ వకాల్తా పుచ్చుకుంటాను. మన నోట్లో వేడిని కనిపెట్టే ఒక గ్రాహకం ఉంది. అది 43 డిగ్రీల దగ్గర నుంచి 'కాలుతోంది' అని కబురు పంపుతుంది. మిరపకాయ కారం తగిలినా అదే గ్రాహకం, అదే కబురు. దాన్ని వెలికితీసిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మిరపకాయ బజ్జీ తిన్న వెంటనే వేడి టీ తాగితే కళ్ళలో నీళ్ళెందుకు తిరుగుతాయో గుంటూరువాళ్ళకు ఆయన చెప్పనక్కర్లేదనుకోండి. 43కే మంట పుట్టాలి గదా, మరి 60లో హాయిగా ఎలా తాగుతున్నాం? జుర్రుకోవడం వల్ల. గాలితో కలిపి లాగిన చిన్న గుక్క నోటిలోకి చేరేలోపే కొంత వేడి పోగొట్టుకుంటుంది, నాలుక మీద ఒకచోట నిలవకుండా జారిపోతుంది. మర్యాద పేరుతో చప్పుడు మానేసినవాళ్ళు ఆ మేరకు ఎక్కువసేపు ఆగాల్సిందే.

ఆగడం మంచిదేనని వైద్యులూ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో కాఫీని అనుమానితుల జాబితాలోంచి తీసేసి, దాని స్థానంలో 65 డిగ్రీలు దాటిన పానీయం ఏదైనా సరే, దాన్ని చేర్చింది. అనుమానం కాఫీ మీంచి వేడి మీదికి మారిందన్నమాట. ఆ తీర్పు వెనక ఉన్న అధ్యయనాల్లో ఒకటి ఇరాన్‌లోది. ఈశాన్యాన గోలెస్తాన్ అనే ప్రాంతంలో అన్నవాహిక క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడివాళ్ళు పాలు లేని టీని పొగలతోనే తాగేస్తారు. (మనం ఇరానీ చాయ్ అని తాగేదాన్ని చూస్తే అందులోని పాలకు వాళ్ళు ఆశ్చర్యపోతారు.) 2009లో వచ్చిన ఆ పరిశోధనలో నాకు బాగా గుర్తుండిపోయింది డిగ్రీల లెక్క కాదు, నిమిషాల లెక్క. కప్పులో పోసిన 2 నిమిషాల లోపే తాగేవాళ్ళకు, 4 నిమిషాలైనా ఆగేవాళ్ళతో పోలిస్తే ప్రమాదం అయిదు రెట్లు కనబడింది. మేనమామగారి పేపరు పేజీ సరిగ్గా ఆ 4 నిమిషాలకు సరిపోతుంది.

ఆగడానికి వీల్లేని చోటు రైలు. స్టేషన్లో రెండు నిమిషాలు ఆగే బండిలో కిటికీ ఊచల మధ్య నుంచి అందుకున్న టీని ఊదుకోవడానికి కూడా తీరిక ఉండదని మన భయం. నిజానికి బండి కదిలాక చేతిలో ఉన్నంత తీరిక ఇంకెక్కడా ఉండదు, అయినా తొందరపడతాం. టీ అలవాటును దేశమంతా పాకించిన ప్రచారంలో రైల్వే స్టేషన్లకు పెద్ద వాటా ఉంది. వేడినీళ్ళు ఎలా కాచాలో, ఆకు ఎంతసేపు నానాలో బోర్డులు రాసి మరీ పెట్టారు. మనవాళ్ళు బోర్డు చదివి, ఆకూ పాలూ పంచదారా కలిపి ఒకే గిన్నెలో మరిగించారు. ఇంగ్లీషువాడి టీలో చల్లటి పాలు పడి వేడి అక్కడికక్కడే తగ్గుతుంది. మన టీలో పాలు కూడా మరిగే వస్తాయి, కాబట్టి తగ్గించుకునే భారం మొత్తం మనదే.

మూత ఉన్న పేపరు కప్పు ఈ భారాన్ని తప్పించినట్టు కనిపిస్తుంది గానీ, తప్పించదు, వాయిదా వేస్తుంది. ఎక్కడికో తీసుకెళ్ళి తాగుతారు గదా అని మరీ వేడిగా పోస్తారు, మూత వల్ల ఆవిరి పోదు, లోపల ఎంత కాగుతోందో కంటికి తెలియదు. 1992లో అమెరికాలోని ఆల్బకర్కీలో స్టెల్లా లీబెక్ అనే 79 ఏళ్ళ ఆవిడ ఆగి ఉన్న కారులో కూర్చుని, పాలూ పంచదారా కలుపుకోవడానికి మెక్‌డొనాల్డ్స్ కప్పు మూత తీయబోయింది. కాఫీ ఒళ్ళో పడింది. చర్మం మార్పిడి చేయాల్సినంతగా కాలింది. ఆ సంస్థ కాఫీని 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఉంచుతుందని కోర్టులో తేలింది. 1994లో జ్యూరీ ఆవిడ పక్షాన తీర్పిస్తే, కాఫీ ఒలకబోసుకుని లక్షలు కొట్టేసిందని లోకం చాలా ఏళ్ళు నవ్వుకుంది. నవ్వినవాళ్ళలో 88 డిగ్రీల కాఫీ ముట్టుకున్నవాళ్ళు ఎందరో.

మండు వేసవిలో కూడా మనకు వేడి టీయే కావాలి. బయట 44 డిగ్రీలుంటే లోపల ఇంకాస్త పోస్తావేమిటని చల్లని మజ్జిగవాళ్ళు వెక్కిరిస్తారు. 2012లో కెనడాలోని ఒట్టావాలో సైకిలు తొక్కించి మరీ చూశారు. 50 డిగ్రీల నీళ్ళు తాగినవాళ్ళకు అదనంగా పట్టిన చెమట, లోపలికి వెళ్ళిన వేడి కంటే ఎక్కువ వేడిని బయటికి తీసుకుపోయింది. షరతు ఒకటే, ఆ చెమట ఆరాలి. కాబట్టి రామగుండంలో ఈ వాదన నిలుస్తుంది. చెమట కారడమే తప్ప ఆరడం తెలియని విశాఖ, కాకినాడల్లో నిలవదు. కాకినాడవాళ్ళు మేలో వేడి టీ తాగేది శాస్త్రం కోసం కాదు, అలవాటు కోసం, అంతే.

ఇంట్లో అందరికీ వేడిగా అందించే మనిషి తనది ఎప్పుడు తాగుతుందన్నది ఈ లెక్కలేవీ చెప్పవు. మొదటి డికాషన్ చిక్కగా దిగి మామగారికి, వచ్చినవాళ్ళకు, ఆఫీసుకెళ్ళేవాళ్ళకు పోతుంది. ఫిల్టరులో మళ్ళీ నీళ్ళు పోస్తే పల్చగా దిగిన రెండోది ఆవిడ వాటా. అది కలుపుకున్నాక కూడా పొయ్యి గట్టు మీదే ఉంటుంది. టిఫిను, క్యారేజీ, పాలవాడు, కుళాయి. గుర్తొచ్చి అందుకునేసరికి తొరక కట్టి ఉంటుంది. మేనమామగారు పేపరు తిప్పుతూ అనుభవించిన ఆ 20 డిగ్రీలు ఆవిడ కప్పులోంచీ పోయాయి, పోతున్నప్పుడు ఆవిడ అక్కడ లేదు. మళ్ళీ కాచుకుంటే డికాషన్ చేదెక్కుతుంది. చాలా ఇళ్ళలో ఆవిడకు చల్లటి కాఫీయే ఇష్టమని పేరు కూడా పెట్టేస్తారు.

ఇప్పుడు ఫోనులో డిగ్రీలు నొక్కితే కాఫీని అక్కడే నిలబెట్టే కప్పులు వచ్చాయి. అడుగున బ్యాటరీ ఉంటుంది. 57 అంటే మొదటి గుక్కా 57, చివరిదీ 57. పొయ్యి గట్టు మీద మరచిపోయిన కప్పులకు అది ఉపకారమే, ఒప్పుకుంటాను. టీకి మాత్రం నాకు వద్దు. మొదటి గుక్కలో వేడి తప్ప రుచి తెలియదు. సగానికి వచ్చేసరికి అల్లం బయటపడుతుంది, యాలక్కాయ కొంచెం ఆలస్యంగా. చల్లారే కొద్దీ తీపి పైకి తేలుతుంది, తయారు చేసినవాడు పంచదార ఎక్కువేశాడా లేదా అన్నది అప్పుడే తెలిసేది. అడుగున కరగని పంచదారతో గోరువెచ్చగా మిగిలిన ఆఖరి గుక్కను 57 దగ్గర నిలబెట్టి ఏం చేసుకోవాలో ఆ కప్పు చేసినవాళ్ళే చెప్పాలి.