గేటు పడిందా?

2010లో మేం న్యూజెర్సీలో ఉన్నాం. కారుకి జీపీఎస్ కొందామని షాపుకెళితే, చూడ్డానికి ఒకేలాంటివి రెండు కనిపించాయి. ఒకదాని పేరు చివర ‘టి’ అక్షరం ఉంది, ధరా ఎక్కువే. ‘దారి చూపిస్తే చాలదూ!’ అని నేనే చవకది తీయించాను.

ఆ నెల్లోనే అమ్మ మొదటిసారి ఒంటరిగా అమెరికా వచ్చింది. ఇంగ్లిషు రాదు. తీసుకురావడానికి నెవార్క్ ఎయిర్‌పోర్టుకి బయల్దేరాం. జీపీఎస్ చక్కగా హైవే ఎక్కించింది. ముందు యాక్సిడెంటయి కార్లన్నీ ఆగిపోయిన సంగతి మాత్రం దానికి తెలీదు. గంటన్నర ఆలస్యంగా వెళ్లేసరికి అమ్మ సూట్‌కేసు గట్టిగా పట్టుకుని, బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది. ఉపగ్రహాల వల్ల మనం ఎక్కడున్నామో తెలుస్తుందంతే. ట్రాఫిక్ కబురు వేరే రావాలి. ఆ ‘టి’ అంటే ట్రాఫిక్కే! ఎఫ్ఎం రేడియో ప్రసారాలతోపాటు చెవికి వినిపించకుండా వచ్చే ఆ సమాచారాన్ని, ఛార్జింగ్ వైరులో ఉన్న రిసీవర్ అందుకుంటుందట. వైరు పీకేస్తే కబురూ ఆగిపోతుంది.

ఇదంతా చెబితే అమ్మ నవ్వింది. ‘తెనాలి వెళ్లేటప్పుడు మీ నాన్న ఎదురొచ్చిన ప్రతివాణ్నీ ఆపి, గేటు పడిందా అని అడిగేవారు కదే!’ అంది.

మర్నాడే పాతది ఇచ్చేసి ‘టి’ ఉన్నది తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆ పని ఫోనే చేస్తోంది... మనకంటే ముందు వెళ్తున్నవాళ్ల ఫోన్ల వేగాన్ని బట్టి. మ్యాపులో ఎర్రగీత కనిపించినప్పుడల్లా నాకు నాన్న గొంతే వినిపిస్తుంది- ‘గేటు పడిందా?’ అని.