ఒక్క గది, ఐదు తరగతులు

ఒక గంటలో ఎన్ని పాఠాలు ఇముడుతాయో ఏకోపాధ్యాయ బడిలో పనిచేసినవాళ్లకే తెలుసు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే ఐదో తరగతికి భాగహారం చెప్పాలి. నడుమ హాజరుపట్టీ, మధ్యాహ్న భోజనం లెక్కలు చూడాలి. అరవైమందిలోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. చాలా పల్లెల్లో ఆ రెండో కుర్చీ ఇంకా ఖాళీయే. పత్తితీతల రోజుల్లో పిల్లలు చేలకు పోతే, ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చేదీ మేమే. అయినా ఈ కొలువు నాకెన్నడూ విసుగనిపించలేదు. వేలిముద్ర వేసే ఒక తల్లి, తన కూతురు బస్సు బోర్డు చదివిందని పొంగిపోతూ చెప్పినప్పుడు నా జీతానికి అర్థం తెలిసింది. అందుకే, పిల్లలు తక్కువని ఇలాంటి పల్లె బడిని మూసేముందు, పక్కూరికి పంపలేక ఇళ్లలో చదువు మాన్పించే ఆడపిల్లల లెక్క కూడా తీయాలి.