బూడిద లెక్క

‘అభిప్రాయం’ సంస్కృత పదం. ‘దగ్గరగా వెళ్ళడం’ అనే భావం దాని ధాతువులోనే ఉన్నది. మనసు దేనివైపు వెళ్తుందో అదే అభిప్రాయమని పెద్దలు చెబుతారు. ఎదుటివారి మనసు తెలియాలంటే మనమే వారి దగ్గరకు వెళ్ళవలసి ఉంటుందని నేను ఇంకొక అర్థం చెప్పుకుంటాను. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2006 సెప్టెంబరు 14న వెలువరించిన ప్రకటనను చదివినప్పుడు ఈ రెండవ అర్థమే గుర్తుకు వచ్చింది. పెద్ద గనికో, విద్యుత్ కేంద్రానికో అనుమతి ఇచ్చే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణ సభ ఆ స్థలంలోనే గానీ, దానికి అతి సమీపంలో గానీ జరగాలని అందులో ఉన్నది. ప్రజలకు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. వార్తాపత్రికలు చేరని పల్లెల్లో దండోరా వేయించాలి.

నా పరిశోధన ప్రబంధాల మీద సాగింది. కావ్యాలలో చాటింపులకు కొదవలేదు. అయితే నేను చదివిన చాటింపులన్నీ రాజు చెప్పేవే. మీరేమంటారని ప్రజలను అడగడానికి డప్పు మోగించమన్న శాసనాన్ని నేను తొలిసారిగా చూసింది ఈ ప్రకటనలోనే.

మాది సూర్యాపేట. కోదాడలో పాఠాలు చెప్పిన రోజుల్లో మేళ్లచెరువు, మట్టంపల్లి ప్రాంతాల నుండి పిల్లలు వచ్చేవారు. అవి సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ఊళ్లు. గని విస్తరణ, సభ, దుమ్ము, ఉద్యోగం అనే మాటలు ఆ పిల్లల సంభాషణలో సహజంగా దొర్లేవి. నేను వాటిని పట్టించుకోలేదు. మిర్యాలగూడకు వచ్చిన తరువాత గాని ఆ మాటల బరువు నాకు తెలియలేదు.

మిర్యాలగూడకు సమీపంలో, దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. 2017లో పర్యావరణ అనుమతి లభించింది. దేశీయ బొగ్గును, దిగుమతి బొగ్గును కలిపి వాడతామన్నది అప్పటి లెక్క. ఆ తరువాత అంతా దేశీయ బొగ్గే అన్నారు. వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. 2022 సెప్టెంబరులో ట్రిబ్యునల్ ఆ అనుమతిని తాత్కాలికంగా నిలిపివేసి, మళ్ళీ అధ్యయనం చేయవలసిందిగా ఆదేశించింది. అలా వీర్లపాలెంలో 2024 ఫిబ్రవరి 20న మరొకసారి సభ జరిగింది.

ఆ సభకు వారం ముందు నా పూర్వ విద్యార్థి ఒకడు తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. దామరచర్ల వైపు తండా వారిది. ఇంట్లో లంబాడీ భాష, వీధిలో తెలుగు. మీలో చాలామందికి వలెనే తెలుగు ఆయనకు ద్వితీయ భాష. సభలో తాను చెప్పదలచిన మాటలను కుమారుని చేత రాయించి తెచ్చాడు. తప్పులు దిద్దాలట.

కాగితంలో రెండు విషయాలున్నాయి. మొదటిది ఉద్యోగం. చేను పోయిన ఇంటికి కొలువు కావాలని. రెండవదాన్ని ఆయన నోటితోనే చెప్పాడు: “అప్పుడొక బొగ్గు అన్నరు, ఇప్పుడింకో బొగ్గు అంటున్నరు. బొగ్గు మారినంక బూడిద మారదా సారూ? తుమ్మ కట్టె బూడిద వేరు, ఊక బూడిద వేరు.”

మిర్యాలగూడ బియ్యపు మిల్లుల ఊరు. ఊక కాలిన బూడిద ఎంత తేలికగా ఎగురుతుందో, ఎక్కడెక్కడ వాలుతుందో ఇక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేదు. నాకే ఆ లెక్క తెలియక, తోటి రసాయనశాస్త్ర అధ్యాపకుణ్ణి అడిగాను. మన దేశపు బొగ్గును నూరు బస్తాలు కాలిస్తే సాధారణంగా ముప్పై, నలభై బస్తాల బూడిద మిగులుతుందట. దిగుమతి బొగ్గులో అది చాలా తక్కువ. పైగా మన బొగ్గుకు వేడి తక్కువ కనుక అంతే విద్యుత్తుకు ఎక్కువ కాల్చాలి. ఇంకొక వైపు మన బొగ్గులో గంధకం తక్కువ. అది కొంత మేలే. కనుక బొగ్గు మారితే చెడే జరుగుతుందని ముందుగా తీర్మానించరాదు. బూడిద చెరువు ఎంత ఉండాలి, గాలి ఎటు మోస్తుంది, కృష్ణ నీటికి ఏమవుతుంది అన్న లెక్కలన్నీ మాత్రం తిరిగి వేయాలి. ట్రిబ్యునల్ మరో అధ్యయనం కోరినదీ ఇందుకే కదా! డాక్టరేటు ఉన్న నాకు ఒక పూట పట్టిన విషయాన్ని ఆయన పొయ్యి దగ్గర నేర్చుకున్నాడు.

కొడుకు ముఖంలో మాత్రం కలవరం కనిపించింది. “బూడిద సంగతి తీసేద్దాం సార్. ఉద్యోగం అడిగేటప్పుడు ఇదెందుకు?” అన్నాడు. ఆ భయాన్ని తేలికగా కొట్టిపారవేయలేం. ఇటువంటి సభల తరువాత అనుకూలురు ఎందరు, వ్యతిరేకులు ఎందరు అని తలలు లెక్కిస్తారు. కొలువు కోరుతూనే బూడిదను గురించి అడిగే మనిషిని ఏ వైపు లెక్కిస్తారో! నా మటుకు నేను ఆ రెండు ప్రశ్నలూ ఒకే కాగితంలో ఉండడమే న్యాయమన్నాను. అంతలో తండ్రి, “కొలువు నీకు, బూడిద అందరికీ” అని కొడుకు వైపు చూశాడు. వాడు మారుపలకలేదు.

సభ ముగిసే ముందు అక్కడ వెలువడిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలనే నియమం ఉన్నదని ఆయనకు చెప్పాను. తన మాట అందులో వినిపించేదాకా కదలవద్దన్నాను. పరీక్షల పనుల వలన నేను వెళ్ళలేకపోయాను. చీకటి పడిన తరువాత ఆయన ఫోను చేశాడు. “చదివిండ్రు సారూ, ఆఖరుదాకా కూసున్న” అన్నాడు.

ఆ కేంద్రంలో తొలి 800 మెగావాట్ల యూనిట్‌ను 2024 డిసెంబరులో ప్రారంభించారు. ఆయన కాగితపు నకలు నా దగ్గర ఉన్నది. అందులో నా ఎర్ర సిరా ఒక్కచోటే కనిపిస్తుంది. కుమారుడు ‘బుడిద’ అని రాస్తే, ‘బూడిద’ అని దీర్ఘం ఇచ్చాను.