రెండో మనిషి పేరు

మా తమ్ముడు అమెరికాలో తన ఇంటి గ్యారేజీలో విమానం కడుతున్నాడంటే కరీంనగర్‌లో మా చుట్టాలు ఎవరూ నమ్మలేదు. "బొమ్మదా?" అన్నవాళ్లే ఎక్కువ. మా తరానికి విమానమంటే రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో ఒకప్పుడు దిగిన వాయుదూత్ విమానమే. ఇంట్లో కట్టేదేమిటి?

కట్టొచ్చట. వ్యాన్స్ అనే కంపెనీ రేకులు, రివెట్లు, నక్షలు పెట్టెల్లో సర్ది పంపుతుంది. ముందు తోక, తర్వాత రెక్కలు, ఆ తర్వాత నడుమ భాగం. వారాంతాల్లో, రాత్రిపూట చేసుకునే పని కాబట్టి ఏళ్లు పడుతుంది. మన దేశంలోనూ ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ మేడ మీదే ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు.

నాకు మాత్రం విమానం కన్నా వాళ్లు రాసుకునే లెక్క మీద ఆసక్తి కలిగింది. అక్కడ ఇలాంటి విమానానికి అనుమతి రావాలంటే సగానికి పైగా పని, అంటే 51 శాతం, సరదాకో నేర్చుకోవడానికో చేసేవాళ్లే చేశారని చూపించాలి. అందుకే ఏ రోజు ఏం చేశారో ఫోటోలతో రాసిపెట్టుకుంటారు. తమ్ముడు దానికోసం వికీ పెట్టుకున్నాడు. తోకకు ఒక పేజీ, కుడి రెక్కకు ఒక పేజీ. ఇంకా రాయని పేజీ పేరు ఎర్రగా కనిపిస్తుంది. 2003 నుంచి ఉన్న మన తెలుగు వికీపీడియా చూసినవాళ్లకు ఇది తెలిసిందే. అందులో "చరిత్ర" అని ఒకటుంటుంది. నొక్కితే ఎవరు, ఏ తేదీన, ఏ మాట మార్చారో వస్తుంది. కొట్టేసిన మాట కూడా అందులో ఉంటుంది.

చదవమని నాకూ పంపాడు. పేజీ పేజీకీ "నేను". నేను రంధ్రాలు వేశాను, నేను రివెట్లు కొట్టాను. వీడియో కాల్ చేసినప్పుడల్లా మరదలు కూడా గ్యారేజీలోనే ఉంటుంది కదా అని తననే అడిగాను.

"రివెట్టు ఒక్కరితోని కాదు వదినా. ఆయన ఇటుదిక్కు గన్నుతోని కొడతడు, నేను అటుదిక్కు ఇనుప దిమ్మ ఆనిచ్చి పట్టుకుంట. చెయ్యి జర ఒరిగినా రివెట్టు వంకర పోతది. మళ్ల డ్రిల్లు పెట్టి తీసుడే."

"మరి నీ పేరు లేదేంది?"

"రాసేది ఆయన గదా."

ఒక విమానంలో అట్లాంటి రివెట్లు వేలల్లో ఉంటాయి.

ఇంకో సంగతి ఉంది. విమానం పూర్తయ్యాక ఏటేటా తనిఖీ తామే చేసుకోవడానికి, కట్టిన మనిషికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు. ఎందరు కలిసి కట్టినా ఒక విమానానికి ఒక్కరికే. అది తమ్ముడికే రావాలి, నక్షలన్నీ చదివి నిర్ణయాలు తీసుకున్నది వాడే. దాని మీద తగవు లేదు. కానీ కాగితం మీద ఒక్క పేరే ఉన్నప్పుడు, రెండో పేరు ఉండగలిగేది ఆ వికీలోనే.

మన సకినాలు చూడండి. సంక్రాంతికి వాడకట్టు ఆడవాళ్లంతా కూడితే ఒకరు పిండి కలుపుతారు, నలుగురు బట్ట మీద చుడతారు, ఒకరు నూనెలో వేస్తారు. డబ్బా ఊరు దాటాక అవి ఒక్కరు చేసిన సకినాలే.

విమానాల కథలోనూ ఇలాంటి చెయ్యి ఒకటుంది. 1900లో కిట్టీ హాక్‌లో విల్బర్ రైట్ తన గ్లైడర్ గుడ్డను ఆడీ టేట్ అనే ఇల్లాలి కుట్టుమిషన్ మీద సరిచేసుకున్నాడు. ప్రయోగాలయ్యాక వదిలేసిన ఆ గుడ్డతో ఆమె తన కూతుళ్లకు గౌన్లు కుట్టింది. మూడేళ్ల తర్వాత, 1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం ఎగిరింది. ఆ కుట్టుమిషన్ సంగతి మనకు తెలిసిందంటే ఎవరో రాసిపెట్టబట్టే.

తమ్ముడితో అదే అన్నాను. "దాచలే అక్కా, తోచలే," అని ఆమెకు వేరే లాగిన్ ఇచ్చాడు. ఆమె పాత పేజీలన్నీ తిరగేసి తాను పట్టుకున్న రోజులు చేర్చింది. చరిత్రలో చేర్చిన తేదీ కనిపిస్తుంది కాబట్టి దొంగ లెక్క అనే మాటే రాదు. ఆమె పేరు ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఇరుకైన చోట తన చిన్న చెయ్యే పట్టిందని, దిమ్మ ఎటు తిప్పి ఆనించాలో, ఏ వరుస ఎందుకు తీసి మళ్లీ వేశారో రాసింది. వాడి పేజీల్లో పూర్తయిన పనే ఉండేది. తప్పిన పని, అది సరిచేసిన తీరు ఆమె రాతల్లోనే ఉన్నాయి. రేపు తనిఖీ చేసేటప్పుడు వాడికి కావలసింది ఆ మాటలే.

ఇప్పుడు రెక్కల పని నడుస్తోంది. ఆ పేజీ మొదట్లోనే రెండు పేర్లున్నాయి.

మీ ఇంట్లో ఇల్లు కడుతున్నా, దుకాణం పెడుతున్నా, ఆ పనిలో మీరు దిమ్మ పట్టుకున్న రోజులుంటాయి. తేదీ వేసి, మీ పేరుతో రాసిపెట్టుకోండి. క్యాలెండర్ మీద పాల లెక్క రాసే చేతికి ఇదేం కొత్త పని కాదు.